చాటు కోసం వెదురు పెడతావా చెల్లీ?

అక్కలూ, వదినలూ, చెల్లెళ్ళూ! పొయ్యి మీద ఏముందో ఒకసారి చూసొచ్చి కూర్చోండి. ఈ నెల ముచ్చట కొంచెం పెద్దది. పేరుకి మొక్కల ముచ్చటే గానీ, దాని వెనక ఉన్నది మనం బయటికి పెద్దగా చెప్పుకోని ఒక ఇబ్బంది.

నెల్లూరు నించి మైపాడు దాకా, అటు ముత్తుకూరు, తోటపల్లిగూడూరు, ఇటు అల్లూరు, విడవలూరు వైపు ఏ ఊరు చూసినా ఇప్పుడు మిద్దె మీద మిద్దె లేస్తోంది. లేవనీండి, సంతోషమే. కానీ పక్కింటి రెండో అంతస్తు కిటికీ సరిగ్గా మన పెరట్లోకే తెరుచుకుంటుంది. ఉన్న కాస్త అంకణాల్లో ఇల్లు కట్టుకుని వెనక నాలుగడుగులు వదిలితే, అంట్లు తోముకున్నా, బట్టలు ఉతుక్కున్నా, తల ఆరబెట్టుకున్నా ఆ నాలుగడుగుల్లోనే. లోపలి బట్టలు తీగ మీద వేసి వాటి మీద చీర కప్పే అవస్థ మనలో ఎవరికి తెలియదు? ఎండాకాలం సాయంత్రం సముద్రం గాలి తిరిగినప్పుడు నైటీతో మెట్ల మీద కాసేపు కూర్చుందామంటే, ఎవరు చూస్తున్నారో అని లేచి లోపలికి వచ్చేస్తాం. ఫ్యాను కింద చెమటలు కక్కుతూ కూర్చుంటాం. సొంత ఇంట్లో ఆ పాటి చాటు కోరుకోవడం గొంతెమ్మ కోరికేం కాదు. "ఎవరు చూస్తార్లే" అని తీసిపారేసే ఇంటి మగవాళ్ళకి ఈ సంగతి నిదానంగా, గట్టిగా చెప్పండి. సిగ్గుపడాల్సిన పనిలేదు.

మన అమ్మమ్మల కాలంలో తాటాకు దడి ఉండేది. తడికలు కట్టిన స్నానాల చోటు ఉండేది. ఆకు పాతబడితే మార్చుకునేవాళ్ళు. తర్వాత కాంపౌండు గోడలొచ్చాయి. ఇప్పుడు ఆ గోడనే ఇంకో మూడడుగులు లేపుదామా అని చాలామంది ఆలోచిస్తున్నారు. లేపితే ఏమవుతుందో తెలుసు గదా. చాటు దొరుకుతుంది, గాలి పోతుంది. మన తీరంలో ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం వచ్చే ఆ తూర్పు గాలే మనకి ప్రాణం. దాన్ని సిమెంటుతో ఆపుకోవడం నాకు మనసొప్పదు. ఆకుల తెర అయితే చూపుని ఆపుతుంది, గాలిని వడగట్టి పంపుతుంది. అందుకే వెదురు మీదికి మనసు పోవడంలో తప్పులేదు.

ఈమధ్య చాలామంది చెల్లెళ్ళు నన్ను అడుగుతున్న మాట ఒకటుంది. "అక్కా, అమెరికాలో మా అమ్మాయి వాళ్ళింటి వెనక ఎత్తు తొట్లలో వెదురు పెట్టుకున్నారు. పక్కిల్లు కనపడకుండా పచ్చగా లేచింది. ఆ రకమే మనమూ తెప్పించి పెట్టుకుంటే?" అని. తొట్టి ఆలోచన చాలా మంచిది. వెదురు ఆలోచనా మంచిదే. ఆ రకం దగ్గరే నా అభ్యంతరం, అది పాకే వెదురు కావొచ్చు. ఎందుకో చెప్తాను.

వెదురు చెట్టు కాదు, గడ్డి. వరి, చెరకు, గరిక ఉన్న కుటుంబమే దానిదీ. నేల కింద దుంప ఎట్లా పెరుగుతుందన్న దాన్ని బట్టి రెండు రకాలు. ఒకటి దుబ్బు కట్టే రకం. దీని దుంప పొట్టిగా, లావుగా ఉండి, కొస పైకి తిరిగి అదే కొత్త గడ అవుతుంది. అందుకని కొత్త పిలక ఎప్పుడూ పాత గడ పక్కనే లేస్తుంది. దుబ్బు ఏటా కొంచెం కొంచెం లావెక్కుతుందే తప్ప ఊరి మీద పడదు. మన నల్లమలలో, రంపచోడవరం, మారేడుమిల్లి అడవుల్లో మనకి కనపడే వెదురు ఈ రకమే. బొంగులో చికెన్ వండే బొంగు కూడా.

రెండోది పాకే రకం. దుంప సన్నగా, పొడుగ్గా నేలలో అడ్డంగా పోతుంది, చేలో గరిక పాకినట్టు. దుంపకి కణుపు కణుపుకీ ఒక మొగ్గ. ఆ మొగ్గ గడగా పైకి లేవొచ్చు, ఇంకో దుంపగా పక్కకి పోవచ్చు. చాలావరకు పై అడుగు లోతులోనే తిరుగుతుంది గానీ అడ్డం తగిలితే కిందికి దిగి దారి వెతుక్కుంటుంది. చైనా, జపాన్‌ల చల్లటి ప్రాంతాల మొక్కలివి. మన దేశంలో అరుణాచల్ ప్రదేశ్‌లోని జిరో లోయలో అపతానీ గిరిజనులు తరతరాలుగా ఇళ్ళ దగ్గర ఈ జాతి వెదురు వనాలు పెంచుకుంటున్నారు. వాళ్ళ ఇళ్ళు, కంచెలు దాంతోనే. అక్కడి చలికి, ఆ నేలకి, వాళ్ళ అవసరానికి అది సరిపోయింది.

అమెరికా సంగతి వేరు. 'గోల్డెన్ బ్యాంబూ' అనే పాకే రకం 1882లో అలబామాకి అలంకారపు మొక్కగా చేరింది. తర్వాత చాలా రాష్ట్రాలకి పాకింది. అక్కడి ఇళ్ళ మధ్య మనలాగా పునాది వేసి కట్టిన గోడలు తక్కువ. చెక్క కంచె ఉంటుంది, లేదంటే గడ్డే హద్దు. ఒకళ్ళు నాటిన వెదురు నాలుగైదేళ్ళకి పక్కింటి లాన్‌లో లేస్తుంది. ఈ తగాదాలు ఎంత దాకా పోయాయంటే, కనెటికట్ రాష్ట్రం 2013లో ఒక్క పాకే వెదురు మీదే చట్టం చేసింది. పక్కవాళ్ళ హద్దుకి 40 అడుగుల లోపల దాన్ని నాటకూడదు. నాటాలంటే వేరు దాటకుండా సరైన కట్టడి ఉండాలి, లేదా చుట్టూ ఉన్న మట్టికి తగలకుండా నేలకి పైన తొట్టిలో పెంచాలి. దాటిపోయి పక్కవాళ్ళకి నష్టం చేస్తే నాటినవాళ్ళే భరించాలి. న్యూయార్క్ రాష్ట్రం 2015 నించి ఈ జాతిలో రెండు రకాల అమ్మకాన్నీ కొనుగోలునీ నిషేధించింది.

అంటే చూడ్డానికి మనకి అందంగా ఉండే ఆ ఎత్తు తొట్టి వెనక ఒక భయం కూడా ఉంది. న్యూజెర్సీలో ఉన్న మా పిన్ని కూతురు ఇల్లు కొనుక్కుంటే, పాత యజమాని నాటి వదిలేసిన వెదురు ఇంటితోపాటే వచ్చింది. వసంతం వచ్చేసరికి లాన్ నడిమధ్యన, పక్కింటి పూలమడిలో, కారు నిలిపే చోట మొలకలు. మిషన్ పెట్టి తవ్వించి దుంపలు ఏరించారు. మళ్ళీ ఏడాది ఎక్కడో మిగిలిన ముక్క లేచింది. "అక్కా, ఇంటి అప్పు కన్నా దీని బెంగే ఎక్కువైపోయింది" అని ఫోన్లో అంది ఆ పిల్ల.

ఇక మన ఎండ సంగతి. చలికాలం చల్లగా ఉండే చోట పుట్టిన మొక్క ఈ పాకే వెదురు. నెల్లూరు రోహిణికార్తెలో, పడమటి వడగాలి కొట్టే రోజుల్లో, తొట్టిలో దాన్ని బతికించాలంటే నీళ్ళు పోసి పోసి అలిసిపోవాలి. బతికినా అక్కడున్నంత కళతో ఉంటుందని నేను చెప్పను. ఎండిపోయే మొక్కకి డబ్బెందుకు? బతికి బాగుపడితే పక్కవాళ్ళ గోడ కిందికి పోయే మొక్క ఎందుకు? ఇదీ నా మాట.

మరి నర్సరీలో ఎట్లా కనుక్కోవడం? కడియం నించి వచ్చిన మొక్కలే మన చుట్టుపక్కల నర్సరీల్లో చాలావరకు ఉంటాయి. అక్కడ 'గోల్డెన్ బ్యాంబూ' అని అడిగితే మనవాళ్ళు ఎక్కువగా ఇచ్చేది పసుపు గడ మీద ఆకుపచ్చ గీతలుండే రకం. అది దుబ్బు కట్టేదే, పాకదు. అమెరికా గోల్డెన్ బ్యాంబూ అది కాదు. ఆన్‌లైన్లో ఇదే పేరు మీద ఏది పంపుతారో చెప్పలేం. కాబట్టి పేరు నమ్మకండి, గడ చూడండి. కొమ్మ పుట్టే కణుపు పైన గడని వేలితో తడమండి. ఒక పక్క గాడి పడినట్టు పల్లంగా ఉండి, కణుపుకి రెండే కొమ్మలుంటే అది పాకే రకం. గడ చుట్టూ గుండ్రంగా ఉండి, ఒక్కో కణుపు దగ్గర నాలుగైదు, అంతకన్నా ఎక్కువ సన్న కొమ్మలు గుత్తిగా ఉంటే అది చాలావరకు దుబ్బు రకమే. తెచ్చుకోవచ్చు. ఇంకో సంగతి, గాజు సీసాలో నీళ్ళు పోసి టీవీ పక్కన పెట్టుకునే 'లక్కీ బ్యాంబూ' అసలు వెదురే కాదు. అది డ్రసీనా అనే వేరే మొక్క. దాన్ని పెరట్లో నాటి తెర లేస్తుందని ఎదురుచూడొద్దు.

తెరకి నేను చెప్పేవి రెండు. మొదటిది 'హెడ్జ్ బ్యాంబూ', శాస్త్రం పేరు బాంబూసా మల్టిప్లెక్స్. సన్న గడలు, కింద నించీ ఆకు, ముళ్ళుండవు, ఎంత కత్తిరించినా ఓర్చుకుంటుంది. కంచెగా పెంచడానికి చాలాచోట్ల దీన్ని వాడతారు. రెండోది 'మొనాస్టరీ బ్యాంబూ', థైర్సోస్టాకిస్ సియామెన్సిస్. థాయిలాండు, బర్మా వైపు మొక్క. నిటారుగా, దగ్గర దగ్గరగా లేస్తుంది, నీటి ఎద్దడికి కొంత తట్టుకుంటుంది. చోటు మరీ ఇరుకైతే మొదటిదే మేలు. పైన చెప్పిన పసుపు గడల వెదురు చూడ్డానికి ఎంతో బాగుంటుంది గానీ ముప్పై అడుగులు దాటి పోతుంది, గడ చేతి మందం అవుతుంది. పొలం గట్టుకి సరే, పెరటి తొట్టికి వద్దు. ముళ్ళ వెదురు ఇంటి దగ్గరికి రానేకూడదు, పిల్లలు తిరిగే చోటు.

దుబ్బు రకమే అయినప్పుడు తొట్టి ఎందుకు అంటారేమో. మూడు కారణాలున్నాయి. మన తీరపు నేల కొన్నిచోట్ల ఉప్పు, కొన్నిచోట్ల వానాకాలం నీళ్ళు నిలిచే జాలు నేల. వెదురుకి రెండూ గిట్టవు. తొట్టిలో అయితే మట్టి మన చేతిలో ఉంటుంది. రెండోది, దుబ్బు లావెక్కి గోడని నెట్టకుండా ఉంటుంది. మూడోది, రెండడుగుల తొట్టి మీద ఆరడుగుల మొక్క అంటే అప్పటికే ఎనిమిదడుగుల చాటు వచ్చేసినట్టు.

తొట్టి కొలత రెండడుగుల వెడల్పు, రెండడుగుల లోతు ఉండాలి. పొడుగు మీ ఇష్టం. ఒకటిన్నర అడుగు కన్నా లోతు తగ్గితే మే నెలలో మధ్యాహ్నానికే ఆకులు చుట్టుకుపోతాయి. ఇటుకతో కట్టించుకుంటే మూడు నాలుగడుగులకి ఒక అడ్డగోడ పెట్టించండి. ఒక దుబ్బు తీయాల్సి వచ్చినప్పుడు మిగతావి కదలకుండా ఉంటాయి. అడుగున నీళ్ళు పోయే కన్నాలు తప్పనిసరి. వాటి మీద చిల్లపెంకులు, పైన కంకర. తొట్టిని కాంపౌండు గోడకి ఆనించి కట్టొద్దు, చెయ్యి దూరేంత సందు వదలండి. చెమ్మ గోడలోకి దిగదు, వెనక ఏం జరుగుతోందో కనపడుతుంది. కొనే తొట్టి అయితే మూతి అడుగుతో సమానంగానో ఇంకా వెడల్పుగానో ఉండేది చూడండి. కడుపు పెద్దగా, మూతి సన్నగా ఉన్న కుండీలో వేళ్ళు నిండిపోతే కుండీ పగలగొట్టి తీయాల్సిందే.

మట్టి మాట కొంచెం గట్టిగా చెప్పాలి. దగ్గర్లో దొరికింది గదా అని సముద్రపు ఇసుక పోయకండి. రొయ్యల గుంట తవ్విన మట్టి అసలే వద్దు. రెండిట్లోనూ ఉప్పే. ఎర్రమట్టి, పెన్నా ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు కలుపుకోండి. వెదురు గడ్డి జాతి కాబట్టి ఆకు బలానికి నత్రజని కావాలి. మూడు నెలలకొకసారి వర్మీ కంపోస్టో, పేడ ఎరువో పైపైన వేస్తే చాలు. రాలిన ఆకుల్ని ఊడ్చి పారేయొద్దు, తొట్టిలోనే పరచండి. తేమ నిలుస్తుంది, మొక్క తీసుకున్న సారం మొక్కకే తిరిగి చేరుతుంది.

నీళ్ళ దగ్గర మన తీరం ఆడవాళ్ళకి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. చాలా ఇళ్ళల్లో బోరు నీళ్ళు ఉప్పగా ఉండి, తాగడానికి ఆర్వో మిషన్ పెట్టుకుంటున్నాం. ఆ మిషన్ వదిలేసే నీళ్ళు వృథా పోతున్నాయని బకెట్లో పట్టి మొక్కలకి పోస్తున్నాం. మంచి మనసే గానీ, బోరు నీళ్ళలోని ఉప్పు వడగట్టగా మిగిలి, ఇంకా చిక్కబడి ఉండేది ఆ నీళ్ళలోనే. నేలలో మొక్కయితే ఉప్పు ఎటో కొంత దిగిపోతుంది. తొట్టిలో అక్కడే పేరుకుంటుంది. వెదురు ఆకు కొసలు గోధుమరంగుకి తిరిగి మాడినట్టు కనపడితే ఎండ అనుకోకుండా ముందు నీళ్ళని అనుమానించండి. ఆ నీళ్ళు బండలు కడగడానికి వాడుకోండి. వెదురుకి కుళాయి నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, మిద్దె మీది వాననీళ్ళు పోయండి. మన జిల్లాకి అసలు వాన అక్టోబరు నించి డిసెంబరు దాకా గదా, ఆ మూడు నెలలూ మిద్దె గొట్టం నించి నీళ్ళు తొట్టి మీద పడి, కన్నాల్లోంచి బాగా బయటికి పోయేటట్టు చేస్తే పేరుకున్న ఉప్పు చాలావరకు కడుక్కుపోతుంది. ఇంతకన్నా మంచి వైద్యం లేదు.

నాటడానికి వినాయక చవితి రోజులు బాగుంటాయి. ఎండ కాస్త తగ్గి ఉంటుంది, ముసురు పట్టేలోపు వేళ్ళు కుదురుకుంటాయి. రెండడుగులకి ఒక మొక్క. మొదటి ఏడు ఏమీ జరగనట్టే ఉంటుంది, దిగులుపడొద్దు. కింద దుంప బలపడుతూ ఉంటుంది. రెండో ఏడు, మూడో ఏడు వానలకి లేచే పిలకలే అసలు తెర. వెదురులో విశేషం ఏమిటంటే, పిలక ఎంత లావున నేలలోంచి వస్తుందో అంతే లావుతో ఉండిపోతుంది. కొన్ని నెలల్లో పూర్తి ఎత్తుకి పోతుంది, ఆ తర్వాత పెరగదు. కొస కత్తిరిస్తే ఆ గడ ఇక ఎత్తు పెరగదు, పక్క కొమ్మలు మాత్రం గుబురుగా వేస్తుంది. అంటే మీకు ఎనిమిదడుగులు చాలనుకుంటే అక్కడికి కత్తిరించి ఊరుకోవచ్చు. మూడు నాలుగేళ్ళ ముసలి గడల్ని అడుగు దాకా కోసేస్తూ ఉండండి. చిక్కుడు పందిరికి, కాకర పాదుకి పనికొస్తాయి.

కోసేటప్పుడు ఒక జాగ్రత్త. కణుపుకి సరిగ్గా పైన కొయ్యండి. రెండు కణుపుల మధ్య కోస్తే మిగిలిన మోడు గిన్నె అయి వాననీళ్ళు పట్టుకుంటుంది. డెంగీ దోమకి అంతకన్నా వాటం ఏముంది? పెరట్లో చాటు కోసం పెట్టి ఇంట్లో జ్వరం తెచ్చుకోకూడదు.

ఇక మిద్దె మీద పెట్టాలనుకునే చెల్లెళ్ళు ఈ నాలుగు మాటలు రెండుసార్లు చదవండి. ఆరడుగుల పొడుగు, రెండేసి అడుగుల వెడల్పు, లోతు ఉన్న తొట్టిలో తడిసిన మట్టి ఒక్కటే టన్ను దాటుతుంది. ఇటుకలు, మొక్కలు దానికి అదనం. మనుషులు తిరిగే మిద్దె పైకప్పుని మన దేశపు ప్రమాణం ప్రకారం చదరపు మీటరుకి 150 కిలోల బరువు లెక్కన కడతారు. అంటే చదరపు అడుగుకి దాదాపు 14 కిలోలు. ఆ తొట్టి మోపేది చదరపు అడుగుకి 90 కిలోల పైమాటే. ఇంజనీరుని పిలిచి, దూలం ఎక్కడుందో చూపించుకుని, ఆయన సరే అంటే తప్ప మిద్దె మీద ఇటుక తొట్టి కట్టించకండి. మేస్త్రీ "ఏం కాదమ్మా, నేను చూసుకుంటా" అన్నా సరే. మిద్దె మీదికి కొబ్బరిపీచు పొడి ఎక్కువగా కలిపిన తేలిక మట్టి, పెద్ద గ్రో బ్యాగులు, అవి కూడా కింద గోడలున్న వరసలో, దూరం దూరంగా. అంతకు మించి వద్దు.

గాలి సంగతి మన తీరానికి వేరే చెప్పాలా? 1989 నవంబరులో కావలి తుపాను చూసినవాళ్ళు ఇప్పటికీ ఆ రాత్రి మాట చెప్తే గొంతు తగ్గిస్తారు. 2023 డిసెంబరులో మిచాంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది గానీ మనల్ని తడిపి ముద్ద చేసే పోయింది. ఆకు నిండిన వెదురు వరస గాలికి తెరచాప అవుతుంది. సెప్టెంబరు ఆఖరుకల్లా కొసలు కత్తిరించి ఎత్తు తగ్గించండి, మధ్య గడలు కొన్ని తీసి గాలి దూరేటట్టు చేయండి. తొట్టి వెనక రెండు ఇనప గొట్టాలు పాతి అడ్డంగా కమ్మీ వేసి దానికి గడల్ని కట్టండి. వాయుగుండం కబురు వస్తే మిద్దె మీది బ్యాగుల్ని పిట్టగోడ మీదో అంచునో ఉంచకుండా కిందికి దించి ఒక మూలకి చేర్చండి. వీధిలో నడిచే మనిషి నెత్తిన పడకూడదు గదా.

ఇక పెద్దవాళ్ళ అభ్యంతరం. "పాడె కట్టే వెదురు ఇంట్లో పెంచుతారా?" అని మా అత్తగారి ఈడువాళ్ళు అంటారు. వాళ్ళతో వాదం పెట్టుకోకండి. నెమ్మదిగా గుర్తుచేయండి: బిడ్డ పుడితే పడుకోబెట్టే చేట వెదురుదే. మేనమామ పెళ్ళికూతుర్ని మోసుకొచ్చే బుట్ట వెదురుదే. పందిరి వెదురుదే. ఎత్తుకునే చోటా, దించే చోటా మనతో ఉన్న మొక్క అది. ఈ మాట విని మెత్తబడని పెద్దావిడ నాకు ఇంతవరకు కనపడలేదు. పాములొస్తాయన్న భయం మాత్రం కొట్టిపారేయను. అడుగున రెండడుగుల దాకా కొమ్మలు తీసేసి, తొట్టి చుట్టూ చెత్త, పాత సామాను లేకుండా ఊడ్చుకుంటే ఎలుకలు చేరవు. ఎలుకలు లేకపోతే పాముకి అక్కడ పనిలేదు. పిండినల్లి పడితే లీటరు నీళ్ళకి ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్ళు కలిపి కొట్టండి.

అలలకి దగ్గరగా, మైపాడు, కోడూరు, ఇస్కపల్లి రేవుల పక్కన ఇల్లున్న అక్కచెల్లెళ్ళకి ఇంకో మాట. ఉప్పు తుంపర నేరుగా తగిలే చోట వెదురు పెట్టొద్దని చెప్తాను. మీ కళ్ళ ముందే ఉన్నాయి గదా సరుగుడు తోటలు. సరుగుడు ఇసుకలో బతుకుతుంది, ఉప్పు గాలి ఓర్చుకుంటుంది. దగ్గర దగ్గరగా నాటి చిన్నప్పటి నించీ కత్తిరిస్తూ వస్తే చక్కటి కంచె అవుతుంది. దాని చాటున, ఇంటి వైపు, కావాలంటే వెదురు తొట్లు పెట్టుకోండి.

ఇప్పటికే ఎవరింట్లోనన్నా పాకే రకం ఉందా? పీకి పారేయమని కంగారుపెట్టను. దాన్ని నీళ్ళు పోయే కన్నాలు తప్ప అడుగు మూసి ఉన్న తొట్టిలోనే ఉంచండి. తొట్టి కింద నాలుగు ఇటుకలు పెట్టి నేలకి ఎడం చేయండి. అడుగు లేని తొట్టి పైకి మాత్రమే తొట్టి, కింద అది నేలే. ఏడాదికోసారి వంగి కన్నాల దగ్గర చూడండి, దుంప కొస బయటికి తొంగిచూస్తే కోసేయండి. మూడు నాలుగేళ్ళకి వేళ్ళు తొట్టి నిండా చుట్టుకుంటాయి. అప్పుడు బయటికి లాగి, రంపంతో సగానికి కోసి, కొత్త మట్టితో మళ్ళీ పెట్టాలి. కోసిన దుంపల్ని కాలవ గట్టునో, పెన్నా కట్ట మీదో పడేయకండి తల్లీ. ఒక్క మొగ్గ ఉన్న ముక్క చాలు, తడి తగిలితే లేస్తుంది. బండ మీద పూర్తిగా ఎండబెట్టి కాల్చేయండి.

మొక్క ఎదిగేదాకా ఈ రెండు మూడేళ్ళూ ఏం చేయాలి అంటే, మేదరవాళ్ళ దగ్గర తడికలు అల్లించుకోండి. ప్లాస్టిక్ గ్రీన్ షీటు కన్నా అందంగా ఉంటాయి, గాలీ ఆడుతుంది. చేటలు, బుట్టలు కొనేవాళ్ళు తగ్గి ఆ కుటుంబాల చేతిపని తగ్గిపోతోంది. మీరు కొలత చెప్తే ఆ కొలతకి అల్లి ఇస్తారు. బేరం ఆడకుండా అడిగినంత ఇవ్వండి.

చివరగా, తొట్టి కట్టే ముందు గోడ అవతల ఉన్న ఆవిడని పిలిచి చెప్పండి. "ఏం అమ్మణ్ణీ, మా కిటికీకి అడ్డం పెడతా ఉండావా ఏంది?" అని అడిగితే, ఆకు మీ వైపు రాలితే నేనే ఊడుస్తాను, వేరు మీ వైపు రాదు అని తొట్టి చూపించి చెప్పండి. ఆవిడకీ చాటు కావాల్సిందే. వీలైతే ఇద్దరూ కలిసి ఒకే రోజు మొక్కలు తెచ్చుకుని రెండు వైపులా పెట్టుకోండి, లారీ కిరాయి కూడా సగం అవుతుంది.